ఓపెన్ సోర్స్ డేటాబేస్ లైసెన్సులు - వాటి పరిమితులు: కొల్లేరు ప్రాంత దత్తాంశాల నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం

ఓపెన్ సోర్స్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుంటే పరిశోధన సమాచారానికి పూర్తి స్వేచ్ఛ, శాశ్వతత్వం సమకూరినట్లేనన్న అభిప్రాయం విద్యాసంస్థల్లో విస్తృతంగా ఉంది. ఈ అభిప్రాయంలో సగమే నిజమని ఈ వ్యాసం వివరిస్తుంది. ఓపెన్ సోర్స్ లైసెన్సు, చేతికి అందిన సాఫ్ట్‌వేర్ ప్రతిపై హక్కులను ఇస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ భవిష్యత్తుకు గానీ, అది నడిచే చోటుకు గానీ, అందులో నిక్షిప్తమైన దత్తాంశాలకు గానీ అది హామీ ఇవ్వదు. మై ఎస్‌క్యూఎల్, మోంగో డీబీ, రెడిస్ వంటి వ్యవస్థల చరిత్ర మొదటి రెండు పరిమితులను తెలుపుతుంది. మూడవ పరిమితిని ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలకు చేరువలోని కొల్లేరు సరస్సు ప్రాంత దత్తాంశాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: డేటాబేస్, ఓపెన్ సోర్స్, లైసెన్సు, కాపీరైట్, దత్తాంశాలు, కొల్లేరు, కాంటూరు, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ విస్తరించిన కొల్లేరు మంచినీటి సరస్సుపై అనేక శాస్త్రాల వారు పరిశోధన చేస్తున్నారు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు మోసుకువచ్చే నీటి నాణ్యత రసాయనశాస్త్రానికి, ఆటపాకలో గూళ్లు కట్టే గూడబాతుల లెక్క జంతుశాస్త్రానికి, చేపల చెరువుల విస్తరణ భూగోళశాస్త్రానికి, లంక గ్రామాల జీవనం సామాజికశాస్త్రానికి, తెలుగుకు వస్తువులు. ఏలూరులో 1945లో ఏర్పడిన సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల, తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, అదే పట్టణంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయ ప్రాంగణం, సమీపంలోని వెంకటరామన్నగూడెంలో ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయం ఈ సరస్సు పరిసరాల్లోని ఉన్నత విద్యాకేంద్రాలు.

ఇటువంటి ప్రాంతంలో ఒక పరిశోధకుడు ఐదారేళ్లపాటు సేకరించిన దత్తాంశాలు మరో ఇరవై ఏళ్ల తరువాత ఇంకొకరికి ఉపయోగపడతాయా అన్నది సాంకేతిక ప్రశ్నగా మాత్రమే మిగలదు. కొల్లేరులో ఒక గీత రెండు అడుగుల మేర పైకో కిందికో జరిగితే వేల ఎకరాల భూమి స్థితి మారిపోతుంది. ఆ గీతను నిర్ణయించే ఆధారాలు ఎవరి దగ్గర, ఏ రూపంలో, ఏ షరతులతో ఉన్నాయన్నది అక్కడి రైతుకు, మత్స్యకారుడికి, పక్షికి సంబంధించిన విషయం. డేటాబేస్ లైసెన్సుల చర్చ అధ్యాపకులకూ పరిశోధకులకూ అవసరమైనది ఇందువల్లనే.

2. సాఫ్ట్‌వేర్, దత్తాంశాలు: చట్టం దృష్టిలో రెండు కృతులు

‘డేటాబేస్’ అనే మాటను వాడుకలో రెండు అర్థాల్లో ప్రయోగిస్తున్నారు. సమాచారాన్ని పట్టికలుగా భద్రపరచి, అడిగినప్పుడు వెతికి ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి. ఆ సాఫ్ట్‌వేర్‌లో చేరిన సమాచార సముదాయం రెండవది. గ్రంథాలయ భవనానికీ అందులోని పుస్తకాలకూ ఉన్నంత భేదం ఈ రెండింటికీ ఉంది. భవనం ఎవరిదైనా పుస్తకాల హక్కులు వేరు.

భారత కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రాములను, కంప్యూటర్ డేటాబేస్‌లతో సహా సంకలనాలను ‘సాహిత్య కృతి’ నిర్వచనంలోనే చేర్చింది. చట్టం దృష్టిలో ఒక కావ్యానికీ, ఒక ప్రోగ్రాముకూ, ఒక డేటాబేస్‌కూ రక్షణ ఒకే వర్గం కింద లభిస్తుంది. అయితే సంకలనానికి రక్షణ లభించాలంటే శ్రమ ఒక్కటే చాలదని, ఎంపికలోనో అమరికలోనో కొంతైనా సృజన ఉండాలని ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ వివాదంలో సర్వోన్నత న్యాయస్థానం స్పష్టం చేసింది. ఐరోపా సమాఖ్య 1996లో డేటాబేస్ తయారీకి పెట్టిన పెట్టుబడికే ప్రత్యేక హక్కును కల్పించింది. భారతదేశంలో అటువంటి ప్రత్యేక హక్కు లేదు. కనుక నెలనెలా నమోదు చేసిన నీటి ఉష్ణోగ్రతల పట్టికకు మన దేశంలో లభించే కాపీరైట్ రక్షణ బలహీనమైనది. దానిని పంచుకునే షరతులను సేకర్త ముందుగా రాసి పెట్టుకోకపోతే తరువాత వివాదానికి అవకాశం ఉంటుంది.

లైసెన్సు అంటే హక్కుదారు ఇచ్చే అనుమతి. అమ్మకంలో వస్తువు చేతులు మారుతుంది. లైసెన్సులో వస్తువును వాడుకునే హక్కు మాత్రమే, అదీ షరతులకు లోబడి, సంక్రమిస్తుంది.

3. యాజమాన్య లైసెన్సులు: ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ఐ.బి.ఎం.లో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో సంబంధాత్మక నమూనాను ప్రతిపాదించాడు. దాని ఆధారంగా ఎదిగిన ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటి యాజమాన్య వ్యవస్థల్లో సోర్స్ కోడ్ కొనుగోలుదారుకు కనిపించదు. వీటి లైసెన్సు రుసుమును సాధారణంగా కంప్యూటర్ ప్రాసెసర్‌లోని కోర్‌ల సంఖ్యను బట్టి లెక్కిస్తారు. కళాశాల పాత సర్వర్‌ను మార్చి ఎక్కువ కోర్‌లున్న యంత్రాన్ని తెచ్చుకుంటే, దత్తాంశాలు అంతే ఉన్నా లైసెన్సు భారం పెరగవచ్చు.

ఇదే సంస్థలు ఉచిత ప్రతులను కూడా ఇస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2022 ప్రతి వరకు ఒక్కొక్క డేటాబేస్ పరిమాణం 10 గిగాబైట్లు దాటకూడదన్న హద్దు ఉంది. గ్రంథాలయ పుస్తక సూచికి ఆ హద్దు చాలు. ఉపగ్రహ చిత్రాలతో కూడిన కొల్లేరు దత్తాంశాలకు చాలదు.

ఉచితానికీ స్వేచ్ఛకూ గల భేదం భారతీయ గ్రంథాలయాలకు కొత్తది కాదు. యునెస్కో రూపొందించిన సీడీఎస్ - ఐసిస్ అనే గ్రంథసూచి డేటాబేస్‌ను నిస్సాట్ అనే జాతీయ కార్యక్రమం మన దేశంలో పంపిణీ చేసింది. ఒక తరం గ్రంథపాలకులు కంప్యూటరీకరణను దానితోనే నేర్చుకున్నారు. సంస్థలకు అది దాదాపు ఖర్చు లేకుండానే అందింది. కానీ దాని సోర్స్ కోడ్ వాడుకరుల చేతికి రాలేదు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు తగినట్లు దానిని మార్చుకోవడం, తెలుగు లిపికి అనువుగా దిద్దుకోవడం వాడుకరుల చేతుల్లో లేకపోయింది.

పరిశోధకులను నేరుగా తాకే మరొక షరతు ఉంది. 1983లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ డివిట్ బృందం వివిధ డేటాబేస్‌ల వేగాన్ని పోల్చి ఫలితాలను ప్రకటించింది. ఆ తరువాత ఒరాకిల్, తన అనుమతి లేకుండా అటువంటి కొలతలను ప్రచురించరాదన్న నిబంధనను లైసెన్సులో చేర్చింది. మరికొన్ని సంస్థలు దానిని అనుసరించాయి. ఆ నిబంధనకు ‘డివిట్ క్లాజు’ అన్న పేరే స్థిరపడింది. సాఫ్ట్‌వేర్ లైసెన్సు శాస్త్రీయ ప్రచురణకు హద్దు గీయగలదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

4. ఓపెన్ సోర్స్ లైసెన్సులు: రెండు మార్గాలు

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రారంభించిన గ్నూ ఉద్యమం సాఫ్ట్‌వేర్‌ను నడపడం, పరిశీలించడం, మార్చడం, పంచుకోవడం అనే నాలుగు స్వేచ్ఛలను కోరింది. 1998లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ సంస్థ పది అంశాల నిర్వచనాన్ని అనుసరించి లైసెన్సులను గుర్తిస్తోంది. ఏ వ్యక్తి పట్ల గానీ, ఏ రంగం పట్ల గానీ వివక్ష చూపరాదన్నది ఆ నిర్వచనంలో కీలకాంశం. ‘విద్యాసంస్థలకు మాత్రమే’ అని హద్దు పెట్టిన సాఫ్ట్‌వేర్ ఈ నిర్వచనం ప్రకారం ఓపెన్ సోర్స్ కాదు.

గుర్తింపు పొందిన లైసెన్సులను రెండు మార్గాలుగా విభజించవచ్చు. మొదటిది ఉదార మార్గం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో 1986లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ ప్రారంభించిన పరిశోధన నుంచి పుట్టి, 1996లో ప్రస్తుత నామాన్ని పొందిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఈ మార్గానికి చెందింది. కాపీరైట్ ప్రకటనను, లైసెన్సు పాఠాన్ని నిలుపుకుంటే చాలు, కోడ్‌ను మార్చి మూసివేసిన ఉత్పత్తిగా అమ్ముకోవడానికి కూడా దాని లైసెన్సు అనుమతిస్తుంది.

రెండవది ప్రతిదాన మార్గం. గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు, అంటే జీపీఎల్, దీనికి ఉదాహరణ. మార్చిన ప్రోగ్రామును ఇతరులకు అందజేసేవారు సోర్స్ కోడ్‌ను కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. మై ఎస్‌క్యూఎల్ ఉచిత ప్రతి, గ్రంథాలయ నిర్వహణకు ఉపయోగపడే కోహా, పటాల తయారీకి ఉపయోగపడే క్యూజీఐఎస్ ఈ వర్గంలోనివి. ఇక్కడ ‘అందజేయడం’ అన్న మాట ముఖ్యం. కళాశాల తన అవసరం కోసం కోహాను మార్చుకుని తన గ్రంథాలయంలోనే నడుపుకుంటే ఆ మార్పులను బయటపెట్టవలసిన బాధ్యత లేదు. మార్చిన ప్రతిని మరొక కళాశాలకు ఇచ్చినప్పుడే ఆ బాధ్యత మొదలవుతుంది.

ఒకే వ్యవస్థలో రెండు మార్గాలూ కలిసి ఉండవచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు భౌగోళిక దత్తాంశాల సామర్థ్యాన్ని చేర్చే పోస్ట్‌జీఐఎస్ జీపీఎల్ పరిధిలోది. కనుక ‘మా వ్యవస్థ ఓపెన్ సోర్స్’ అని చెప్పుకోవడం చాలదు. అందులోని ఏ పొర ఏ లైసెన్సుకు లోబడిందో నమోదు చేసుకోవాలి.

పరిశోధన రంగంలో ఈ లైసెన్సుల ప్రయోజనం నిత్యం కనిపిస్తున్నదే. ఎం.ఐ.టి., హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలు కలిసి 2002లో విడుదల చేసిన డీస్పేస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పైనే ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తున్న శోధ్‌గంగ సిద్ధాంత గ్రంథాల నిధి నిర్మితమైంది. 2015లో భారత ప్రభుత్వం కూడా తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ప్రకటించింది. ఈ ప్రయోజనాలను కాదనవలసిన పని లేదు. వాటి హద్దులను తెలుసుకోవడమే అవసరం.

5. మొదటి పరిమితి: హక్కుదారు మారవచ్చు

మై ఎస్‌క్యూఎల్ 1995లో స్వీడన్‌లో పుట్టింది. దాని కాపీరైట్ ఒకే సంస్థ చేతిలో ఉండేది. ఆ సంస్థ ఉచితంగా జీపీఎల్ కింద, రుసుముతో వాణిజ్య లైసెన్సు కింద, ఇలా రెండు విధాలుగా అదే సాఫ్ట్‌వేర్‌ను అందించింది. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ సుమారు 100 కోట్ల డాలర్లకు దానిని కొనుగోలు చేసింది. 2010 జనవరిలో సన్‌ను ఒరాకిల్ సొంతం చేసుకుంది. యాజమాన్య డేటాబేస్‌లలో అగ్రస్థానంలో ఉన్న సంస్థ చేతికే ప్రధానమైన ఓపెన్ సోర్స్ డేటాబేస్ చేరింది.

ఈ పరిణామాన్ని ముందే ఊహించిన మూలకర్త మైకేల్ విడేనియస్ 2009లో అదే కోడ్ నుంచి మరియా డీబీ అనే కొత్త శాఖను ప్రారంభించాడు. అది సాధ్యమైంది జీపీఎల్ వల్లనే. ఒకసారి ఇచ్చిన స్వేచ్ఛను హక్కుదారు సైతం వెనక్కి తీసుకోలేడు. అయితే ఆ శాఖకు పాత పేరు దక్కలేదు. పేరు ట్రేడ్‌మార్కు పరిధిలోనిది, కాపీరైట్ లైసెన్సు దానిని ఇవ్వదు. ఏళ్ల తరబడి సంపాదించిన గుర్తింపు, వాణిజ్య లైసెన్సులు అమ్మే హక్కు పాత యజమాని దగ్గరే మిగిలాయి. కోడ్ శాఖలుగా చీలినప్పుడు దానిని పోషించే నిపుణులు కూడా చీలిపోతారు.

దీని నుంచి తేలే సూత్రం సరళమైనది. లైసెన్సు ఏమిటన్న ప్రశ్నతోపాటు కాపీరైట్ ఎవరిదన్న ప్రశ్న కూడా అడగాలి. హక్కులన్నీ ఒకే వాణిజ్య సంస్థ వద్ద కేంద్రీకృతమైతే రాబోయే ప్రతుల లైసెన్సును ఆ సంస్థ మార్చగలదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో హక్కులు అనేకమంది రచయితల మధ్య విస్తరించి ఉన్నందున అటువంటి మార్పు ఆచరణలో కష్టం.

6. రెండవ పరిమితి: సేవారూపంలో వినియోగం

జీపీఎల్ బాధ్యత ‘అందజేయడం’తో మొదలవుతుందని పైన చూశాం. క్లౌడ్ సేవల్లో వాడుకరికి సాఫ్ట్‌వేర్ ప్రతి అందదు. సాఫ్ట్‌వేర్ సేవాసంస్థ యంత్రంపైనే నడుస్తుంది, వాడుకరికి అందేది ఫలితం. కనుక సేవాసంస్థ కోడ్‌ను ఎంతగా మార్చినా బయటపెట్టవలసిన అవసరం రాదు. ఈ లోటును పూరించడానికి 2007లో అఫెరో జీపీఎల్ మూడవ ప్రతి వచ్చింది. మార్చిన సాఫ్ట్‌వేర్‌ను నెట్‌వర్క్ ద్వారా వాడుకునేవారికి కూడా సోర్స్ కోడ్ ఇవ్వాలని అది నిర్దేశించింది.

పెద్ద క్లౌడ్ సంస్థలు తమ డేటాబేస్‌లను సేవలుగా అమ్ముకుని లాభపడుతున్నాయని, తమకు ప్రతిఫలం దక్కడం లేదని భావించిన కొన్ని డేటాబేస్ సంస్థలకు ఇది కూడా చాలలేదు. మోంగో డీబీ 2018 అక్టోబరులో అఫెరో లైసెన్సును వదిలి సర్వర్ సైడ్ పబ్లిక్ లైసెన్సును తెచ్చింది. డేటాబేస్‌ను సేవగా అందించేవారు ఆ సేవను నడిపే సమస్త ఉపకరణాల కోడ్‌ను కూడా వెల్లడించాలని అది కోరుతుంది. ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ దీనిని ఓపెన్ సోర్స్‌గా ఆమోదించలేదు. 2021లో ఎలాస్టిక్‌సెర్చ్ అదే దారి పట్టగా, అమెజాన్ పాత కోడ్ నుంచి ఓపెన్‌సెర్చ్ శాఖను సృష్టించింది. 2024 మార్చిలో రెడిస్ తన ఉదార లైసెన్సును మార్చిన కొద్ది రోజులకే లినక్స్ ఫౌండేషన్ నీడలో వాల్కీ అనే శాఖ మొదలైంది. తరువాత ఎలాస్టిక్‌సెర్చ్ 2024లో, రెడిస్ 2025లో అఫెరో లైసెన్సును మళ్లీ ఒక వికల్పంగా చేర్చాయి.

ఈ రాకపోకలను కేవలం దురాశగా గానీ, కేవలం న్యాయపోరాటంగా గానీ చూడడం సరికాదు. కోడ్ రాసేవారి జీవనాధారం ఏమిటన్న ప్రశ్నకు లైసెన్సుల్లో జవాబు లేదు. సంస్థ పెట్టుబడితో ఎదిగిన కోడ్ ఆ సంస్థ వ్యాపార అవసరాన్ని బట్టి మారుతుంది. చిన్న కళాశాల తన గదిలోని సర్వర్‌పై డేటాబేస్ నడుపుకుంటే ఈ మార్పులు సాధారణంగా దాని వినియోగాన్ని నిషేధించవు. అయినా వాటి ప్రభావం ఉంటుంది. పాత లైసెన్సు కింద ఉన్న ప్రతికి కొంతకాలం తరువాత భద్రతా సవరణలు ఆగిపోతాయి. అప్పుడు కొత్త షరతులను అంగీకరించాలి లేదా మరో శాఖకు మారాలి.

కాలం లెక్క ఉదార వ్యవస్థల్లోనూ తప్పదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్రతి ప్రధాన విడుదలకు 5 సంవత్సరాలు మాత్రమే సవరణలు లభిస్తాయి. యు.జి.సి. 2022 నిబంధనల్లో పిహెచ్.డి.కి సాధారణ గరిష్ఠ వ్యవధి 6 సంవత్సరాలు. పరిశోధన మొదటి ఏట నెలకొల్పిన డేటాబేస్‌ను మధ్యలో నవీకరించకపోతే, సిద్ధాంత గ్రంథం సమర్పించే నాటికి అది ఆదరణ లేని ప్రతిగా మారవచ్చు. సోర్స్ కోడ్ అందుబాటులో ఉన్నా దానిని పోషించే చేతులు లేకపోతే ఆ స్వేచ్ఛ కాగితం మీదే నిలుస్తుంది.

7. మూడవ పరిమితి: దత్తాంశాలు లైసెన్సు పరిధిలో లేవు

సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన పై రెండు పరిమితులకు శాఖలు, నవీకరణలు కొంత పరిష్కారాన్ని ఇస్తాయి. దత్తాంశాలకు అటువంటి పరిష్కారం లేదు. కొల్లేరు ఇందుకు బలమైన ఉదాహరణ.

7.1 ఒక సరస్సు, అనేక హద్దులు

1999లో కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినప్పుడు +5 అడుగుల కాంటూరు వరకు 308.55 చదరపు కిలోమీటర్లను పరిధిగా నిర్ణయించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించినప్పుడు నమోదైన విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. రెండు అంకెలూ అధికారికమైనవే, రెండూ సరైనవే. ఒకటి చట్టబద్ధ అభయారణ్యాన్ని, మరొకటి విశాలమైన చిత్తడి నేలను సూచిస్తాయి. ‘కొల్లేరు విస్తీర్ణం’ అన్న ఒకే నిలువు వరుసలో ఈ రెండింటినీ నమోదు చేసిన డేటాబేస్ ఎంత మంచి సాఫ్ట్‌వేర్‌పై నడిచినా తప్పుదారి పట్టిస్తుంది. ఏ హద్దు, ఏ ప్రకటన, ఏ సంవత్సరం అన్న వివరాలు అంకెతోపాటు ఉండాలి.

ఈ హద్దుల వెనుక జీవితాలున్నాయి. 2006లో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశాల నేపథ్యంలో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున ధ్వంసం చేశారు. అభయారణ్యం లోపల జిరాయితీ భూములు కూడా ఉండడం వివాదాన్ని జటిలం చేసింది. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని +5 నుంచి +3 కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. కేంద్ర పర్యావరణ శాఖ నియమించిన అజీజ్ కమిటీ ఆ కుదింపును సమర్థించలేదు. మొత్తం వివాదం రెండు అడుగుల ఎత్తు మీద, అంటే సుమారు 61 సెంటీమీటర్ల మీద ఆధారపడి ఉంది.

7.2 బహిరంగ దత్తాంశాలు ఎంతవరకు?

చేపల చెరువుల విస్తరణను గుర్తించడానికి బహిరంగ ఆధారాలు పుష్కలంగా ఉన్నాయి. 1972లో మొదలైన ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితంగా లభిస్తున్నాయి. 2015 నుంచి ఐరోపాకు చెందిన సెంటినెల్ - 2 ఉపగ్రహాలు 10 మీటర్ల స్పష్టతతో చిత్రాలను అందిస్తున్నాయి. క్యూజీఐఎస్, పోస్ట్‌జీఐఎస్‌ల సహాయంతో లైసెన్సు రుసుము చెల్లించకుండానే ఏలూరులోని ఏ విద్యార్థి అయినా నాలుగైదు దశాబ్దాల మార్పును పటంగా గీయవచ్చు. ఓపెన్ సోర్స్, బహిరంగ దత్తాంశాల ఉద్యమాలు సాధించిన గొప్ప విజయమిది.

అయితే ఆ విద్యార్థి గీసిన చెరువు +5 కాంటూరుకు లోపల ఉందా, వెలుపల ఉందా అన్న ప్రశ్నకు ఈ ఆధారాలు జవాబు చెప్పలేవు. భూమి ఎత్తులకు ఎక్కువగా వాడుతున్న బహిరంగ దత్తాంశం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక ద్వారా సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం. రూపకల్పనలో దానికి అంగీకరించిన నిలువు దోషం 16 మీటర్లు. చదునైన నేలపై వాస్తవ దోషం అంతకంటే బాగా తక్కువే అయినా అది మీటర్ల స్థాయిలోనే ఉంటుంది. మీటర్ల దోషం గల సాధనంతో 61 సెంటీమీటర్ల తేడాను తేల్చడం అసాధ్యం. అందుకు నేలపై కొలిచిన సర్వే మట్టాలు కావాలి. ఆ భూమి పట్టాయా, ప్రభుత్వానిదా అన్నది రెవెన్యూ దస్తావేజుల్లో తప్ప ఉపగ్రహ చిత్రంలో కనిపించదు. ఓపెన్ సోర్స్ వ్యవస్థ విశ్లేషణ శక్తిని అందరికీ సమానంగా పంచింది. నిర్ణయాత్మకమైన ఆధారం మాత్రం దానిని సేకరించిన శాఖల వద్దనే ఉంటుంది.

7.3 దత్తాంశాలకు వేరే లైసెన్సులు

దత్తాంశాల పంపకానికి ప్రత్యేకమైన ఏర్పాట్లు ఉన్నాయి. 2012 నాటి జాతీయ దత్తాంశ పంపిణీ విధానం, 2017లో వెలువడిన భారత ప్రభుత్వ బహిరంగ దత్తాంశ లైసెన్సు ప్రభుత్వ సమాచారాన్ని ఆకరం పేర్కొని వాడుకోవడానికి వీలు కల్పించాయి. వ్యక్తిగత సమాచారం ఆ లైసెన్సు పరిధిలోకి రాదు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ పటాల దత్తాంశాలు 2012 నుంచి ఓపెన్ డేటాబేస్ లైసెన్సు కింద ఉన్నాయి. వాటిని తన దత్తాంశాలతో మేళవించి కొత్త డేటాబేస్‌ను బహిరంగపరచే పరిశోధకుడు దానిని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. వాటి నుంచి ఒక పటాన్ని చిత్రంగా ముద్రిస్తే మాత్రం ఆకరాన్ని పేర్కొంటే చాలు.

అన్నీ బహిరంగం కావాలన్న వాదన కూడా సరికాదు. లంక గ్రామాల్లో కుటుంబాల అప్పులు, భూవివాదాలు, ఆరోగ్యం గురించి సేకరించిన వివరాలను పేర్లతో బయటపెట్టడం నైతికం కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం కూడా ఈ విషయంలో జాగ్రత్తను కోరుతుంది. బెదరడానికి అవకాశమున్న పక్షి గూళ్ల కచ్చితమైన స్థానాలను దాచడం కూడా సమంజసమే. తెరవడం ఒక విలువ అయితే కాపాడడం మరొక విలువ. ఈ రెంటి మధ్య నిర్ణయం పరిశోధకుడిదే గాని సాఫ్ట్‌వేర్ లైసెన్సుది కాదు.

7.4 లిపి, పేరు, జిల్లా

తెలుగు దత్తాంశాలకు ఇంకొక తాళం ఉంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, వచ్చిన తరువాత కూడా, ఎన్నో నివేదికలను అను వంటి ఫాంట్లలో టైపు చేశారు. ఆ దస్త్రాల్లో నిజానికి ఉన్నవి తెలుగు అక్షరాల సంకేతాలు కావు, తెలుగు ఆకారాలను చూపించే ఇతర సంకేతాలు. వాటిని ఏ ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లో చేర్చినా ‘కొల్లేటికోట’ అని వెతికితే దొరకదు. యూనికోడ్‌లోకి మార్చి, సరిచూసుకున్న తరువాతే అవి వెతకడానికి, అకారాది క్రమానికి పనికివస్తాయి.

పాలనా విభాగాలు కూడా స్థిరమైనవి కావు. 2022 ఏప్రిల్ 4 వరకు కొల్లేరు పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల మధ్య ఉండేది. ఆనాడు ఏర్పడిన ఏలూరు జిల్లాలో అంతకుముందు కృష్ణా జిల్లాకు చెందిన కైకలూరు, మండవల్లి మండలాలు చేరాయి. ఆకివీడు, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే నిలిచాయి. ‘కృష్ణా జిల్లాలోని కొల్లేరు చెరువులు’ అన్న పాత పట్టికనూ, ‘ఏలూరు జిల్లాలోని చెరువులు’ అన్న కొత్త పట్టికనూ యథాతథంగా పోల్చితే, ఒక్క చెరువు కూడా తవ్వకుండానే ఏలూరులో చెరువులు పెరిగినట్లు కనిపిస్తుంది. ప్రతి నమోదుకూ గ్రామాన్ని ప్రాతిపదికగా తీసుకుని, జిల్లాను కాలపరిమితితో కూడిన వివరంగా నమోదు చేయడం ఇందుకు పరిష్కారం.

8. పరిశోధకులకు ఆచరణీయ సూత్రాలు

పై వివరణ నుంచి కొన్ని ఆచరణీయ సూత్రాలను క్రోడీకరించవచ్చు.

అ) డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునే ముందు దాని లైసెన్సును, కాపీరైట్ యాజమాన్యాన్ని, ఆదరణ వ్యవధిని నమోదు చేసుకోవాలి.

ఆ) సాఫ్ట్‌వేర్ ఏదైనా, ఏడాదికి ఒకసారైనా దత్తాంశాలను సాదా పాఠ్య పట్టికలుగా, యూనికోడ్‌లో ఎగుమతి చేసి, మరో యంత్రంలో తెరచి సరిచూడాలి. తెరచి చూడని ప్రతి భద్రమైన ప్రతి కాదు.

ఇ) ప్రతి నిలువు వరుస అర్థాన్ని, కొలమానాన్ని, కొలిచిన పద్ధతిని, ఎత్తులైతే ఏ మట్టం నుంచి కొలిచారన్న వివరాన్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి దత్తాంశాలతోపాటు భద్రపరచాలి.

ఈ) దత్తాంశాలకు విడిగా లైసెన్సు ప్రకటించాలి. బహిరంగపరచే భాగాన్ని, గోప్యంగా ఉంచే భాగాన్ని మొదటి నుంచే వేరుచేయాలి.

ఉ) సిద్ధాంత గ్రంథంతోపాటు దాని దత్తాంశాలను కూడా కళాశాల లేదా విశ్వవిద్యాలయ నిధిలో సమర్పించే సంప్రదాయాన్ని మార్గదర్శకులు ప్రోత్సహించాలి. శోధ్‌గంగలో గ్రంథం నిలుస్తుంది. దానికి ఆధారమైన పట్టిక పరిశోధకుడి సొంత కంప్యూటర్‌తోపాటు కనుమరుగు కాకూడదు.

9. ముగింపు

ఓపెన్ సోర్స్ లైసెన్సు ఇచ్చే హక్కులు వాస్తవమైనవి, విలువైనవి. సంపన్న సంస్థలకు మాత్రమే అందుబాటులో ఉండిన విశ్లేషణ సాధనాలను అవి చిన్న పట్టణాల కళాశాలలకు చేర్చాయి. యజమాని మారినా పాత కోడ్‌ను కాపాడుకునే అవకాశాన్ని మరియా డీబీ, వాల్కీ శాఖలు నిరూపించాయి. అయితే ఆ హక్కుల పరిధి కోడ్‌తోనే ముగుస్తుంది. కోడ్‌ను పోషించే వనరులు, దత్తాంశాలను పొందే అనుమతి, వాటి అర్థాన్ని నిలిపే వివరణ, వ్యక్తుల గోప్యతను కాపాడే విచక్షణ లైసెన్సు వెలుపలివి.

కొల్లేరు విషయంలో ఈ భేదం మరింత స్పష్టం. సరస్సును విశ్లేషించే సాఫ్ట్‌వేర్ నేడు అందరికీ అందుబాటులో ఉంది. సరస్సు హద్దును నిర్ణయించే మట్టాలు, భూమి వివరాలు, ఏళ్ల తరబడి సాగిన కొలతలు కూడా అంతే శ్రద్ధగా నమోదై, తగిన షరతులతో పరిశోధకులకు అందినప్పుడే ఆ సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛకు సార్థకత చేకూరుతుంది. ఆ నమోదు బాధ్యత సరస్సు చుట్టూ ఉన్న విద్యాసంస్థలది. అది సాఫ్ట్‌వేర్ కొనుగోలుతో గానీ, ఉచితంగా దింపుకోవడంతో గానీ తీరేది కాదు.